కోటలో ఉండడమా, భోజనమా, వేడుకా? ప్యాలెస్ హోటల్ ఎంచుకునే ముందు

పాతికేళ్ల పెళ్లిరోజుకి ఫలక్‌నుమాలో ఒక రాత్రి ఉందామా, లేక ఉదయ్‌పూర్ వెళ్దామా? నాన్నగారి షష్టిపూర్తి కోటలో చేస్తే ఆయన మెట్లు ఎక్కగలరా? అమ్మాయి పెళ్లి రాజస్థాన్‌లో పెట్టుకుంటే మన ముహూర్తానికి, మన వంటకి అక్కడ ఒప్పుకుంటారా? మా బంధువుల ఇళ్లలో శుభకార్యం వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్నలు నా దగ్గరకి వస్తాయి. ఇలాంటి చోట్ల ఉన్నాను, తిన్నాను, ఒక షష్టిపూర్తి దగ్గరుండి జరిపించాను. ఒకసారి పెద్ద పొరపాటు కూడా చేశాను. ముందు అదే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం రాజస్థాన్‌లో ఒక కోట హోటల్‌కి మా అత్తగారిని కూడా తీసుకెళ్లాం. అప్పటికి ఆవిడకి 71 ఏళ్లు. ఫొటోల్లో కోట అద్భుతంగా ఉంది. వెళ్లాక తెలిసింది, మా గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లు ఒక్కొక్కటీ దాదాపు అడుగు ఎత్తు. మొదటి రోజు సాయంత్రం గోడ పట్టుకుని ఎలాగో ఎక్కారు. తర్వాత రెండు రోజులు కిందికి రాలేదు. "మీరు వెళ్లి చూసి రండమ్మా, నాకు ఇక్కడ బాగానే ఉంది" అని కిటికీ దగ్గరే కూర్చున్నారు. భోజనం గదికే తెప్పించాం. హోటల్ వాళ్లు ముందు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రెండు రోజుల బాధ నాకింకా ఉంది.

కోట వేరు, మహల్ వేరు

హోటళ్ల పేర్లలో ఫోర్ట్, ప్యాలెస్ రెండూ కలిసిపోయాయి కానీ ఎంపికంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. మహల్‌ని అతిథుల కోసం కట్టారు. వెడల్పాటి మెట్లు, పెద్ద భోజనశాల, వరండాలు, బండి వచ్చి ఆగే పోర్టికో అన్నీ వచ్చినవాళ్లకి సుఖంగా ఉండడానికి పెట్టినవే. కోటని శత్రువు లోపలికి రాకుండా కట్టారు. ఏటవాలు దారి, వంపు తిరిగే ద్వారాలు, తల వంచి వెళ్లాల్సిన గుమ్మాలు, ఇరుకు మెట్లు, చిన్న కిటికీలు శత్రువుని ఆపడానికి పెట్టినవి. ఇప్పుడు వాటి దారిలో మనం నడుస్తాం. ఏసీ పెట్టొచ్చు, తివాచీ పరచొచ్చు, పాత గోడల వెడల్పు మాత్రం మారదు.

కనుక కోట అంటే చూడడానికి, తిరగడానికి, ఇద్దరో నలుగురో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వెళ్లడానికి బాగుంటుంది. పదిమంది పెద్దవాళ్లతో కూర్చుని చేసుకునే పనికి మహల్ మేలు. దీనికి మినహాయింపులున్నాయి, వాటి దగ్గరకి వస్తాను.

ముందు ఏం తేల్చుకోవాలి

ఉండడానికా, భోజనానికా, వేడుకకా? మూడూ ఒకేచోట కావాలనుకున్నప్పుడే ఖర్చు చేయి దాటుతుంది, తృప్తి కూడా తగ్గుతుంది. రాత్రి పది గంటలకి చేరి పొద్దున పదకొండింటికి ఖాళీ చేస్తే అంత ఖరీదైన గదిలో నిద్ర తప్ప ఏమీ మిగలదు. ఆ డబ్బులో చిన్న భాగంతో సాయంత్రం టీకో, రాత్రి భోజనానికో వెళ్లి మూడు గంటలు కూర్చుంటే ఆ చోటుని ఎక్కువ అనుభవిస్తారు.

తర్వాత ఎంతమంది అన్నది. ఈ హోటళ్లలో చాలావాటికి 50 నుంచి 80 గదులే. గదికి ఇద్దరు చొప్పున మొత్తం హోటల్ తీసుకున్నా వంద, నూట అరవై మంది. మన పెళ్లిళ్లలో ఒక వైపు దగ్గరి చుట్టాలే అంతమంది ఉంటారు. వియ్యాలవారికి విడిది ఒకచోట, మనవాళ్లకి ఇంకోచోట ఇవ్వాల్సి వస్తే ఆ మాట ముందే అనుకోవాలి. మధ్యలో తెలిస్తే మనస్పర్థలు వస్తాయి.

మూడోది పెద్దవాళ్ల మోకాళ్లు. దీని గురించి మళ్లీ చెప్పక్కర్లేదు.

| హోటల్ | కట్టడం | గదులు | పెద్దవాళ్లకి | దేనికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| ఫలక్‌నుమా, హైదరాబాద్ | మహల్, పునాది 1884 | 60 | సులువు | భోజనం, చిన్న వేడుక |
| ఉమైద్ భవన్, జోధ్‌పూర్ | మహల్, 1929–1943 | సుమారు 70 | సులువు | పెళ్లి, రెండు మూడు రాత్రులు |
| తాజ్ లేక్ ప్యాలెస్, ఉదయ్‌పూర్ | చెరువు మధ్య మహల్, 1746 | సుమారు 83 | పడవ ఎక్కి దిగాలి | ఇద్దరికే |
| నీమ్రానా, ఢిల్లీ–జైపూర్ దారి | కోట, 1464 | 70కి పైగా | కష్టం | స్నేహితులు, పిల్లలు |
| అలీలా బిషన్‌గఢ్, జైపూర్ దగ్గర | కొండ మీది కోట | 59 సూట్లు | ముందే అడగాలి | ప్రశాంతంగా ఉండడానికి |
| సిక్స్ సెన్సెస్ బర్వారా, రణథంబోర్ దగ్గర | కోట, 14వ శతాబ్దం | 48 సూట్లు | ముందే అడగాలి | చిన్న పెళ్లి |

ఫలక్‌నుమా: మన ఊళ్లోదే, కానీ ఎలా వెళ్లాలన్నదే ప్రశ్న

‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశారు. ఆయన హైదరాబాద్ సంస్థానానికి ప్రధానిగా కూడా పనిచేశారు. తలకు మించిన ఖర్చుతో కట్టి అప్పుల పాలయ్యారు. చివరికి మహల్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. తర్వాత ఎన్నో ఏళ్లు మూతబడి ఉంది. నిజాం కుటుంబపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్లు బాగుచేశాక 2010 నవంబరులో తాజ్ హోటల్‌గా తెరిచారు.

ఇక్కడ నా సలహా స్పష్టం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు మొదటిసారి గది తీసుకోవద్దు, భోజనానికో సాయంత్రం టీకో వెళ్లండి. జేడ్ రూమ్‌లో హై టీ ఉంటుంది. అదా రెస్టారెంట్‌లో హైదరాబాదీ వంట, సెలెస్ట్‌లో ఇటాలియన్ తరహా వంట. ముందుగా బుక్ చేసుకోనివాళ్లని గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి ఊరికే చూసొద్దామని వెళ్లకండి. చెప్పులు, షార్ట్స్ వేసుకుని వెళ్లినా ఇబ్బంది పడతారు. ఇంట్లో శాకాహారులుంటే హై టీ సులువు, లేదంటే టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పండి. వెలుతురు ఉండగానే కొండ మీదికి చేరుకోవాలి. సూర్యాస్తమయం అయ్యాక పాతబస్తీ దీపాలు ఒక్కొక్కటిగా వెలగడం అక్కడి నుంచి చూడాల్సిందే. కోటలో కష్టపడ్డ మా అత్తగారిని తర్వాత ఒక సాయంత్రం ఇక్కడికి టీకి తీసుకెళ్లాం. ఎక్కడా ఆయాసపడకుండా నడిచారు, ఇంటికొచ్చి పక్కింటివాళ్లకి కూడా చెప్పుకున్నారు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి, అమెరికా నుంచి పిల్లలు వస్తే వాళ్లతో గడపాలనుకునేవాళ్లకి గది తీసుకోవడం విలువైనదే. ఉండడానికి వచ్చినవాళ్లని గేటు నుంచి గుర్రపు బగ్గీలో పైకి తీసుకెళ్తారు, మెట్ల దగ్గర గులాబీ రేకులు చల్లుతారు. మహల్ చరిత్ర చెబుతూ తిప్పి చూపిస్తారు. గ్రంథాలయం, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల అందులో ఉంటాయి. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కి, ఇతర అతిథులకి విందు ఇచ్చింది ఆ బల్ల దగ్గరే. రెండు రోజుల పని తగ్గించుకుని, మధ్యాహ్నం రెండింటికల్లా చేరితేనే ఇవన్నీ కుదురుతాయి. 60 గదుల్లో అన్నీ నగరం వైపు చూడవు, ఏ వైపుదో బుక్ చేసేటప్పుడే అడగండి.

వేడుకకి? యాభై, అరవై మందితో షష్టిపూర్తి, నిశ్చితార్థం, పెళ్లిరోజు విందు అయితే ఇంతకన్నా మంచి చోటు తెలుగు నేల మీద లేదు. అతిథులు రాత్రికి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి అందరికీ గదుల ఖర్చు ఉండదు. రాజస్థాన్‌లో ఎంత తగ్గించుకున్నా ఈ వెసులుబాటు రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మన దగ్గర సంస్థానాలు తక్కువేమీ లేవు. వనపర్తి రాజుల మహల్‌లో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది, విజయనగరం కోటలోనూ కాలేజీలున్నాయి. ఎన్నో వేలమంది పిల్లలు ఆ గోడల మధ్య చదువుకున్నారు. అందుకు నాకు సంతోషమే. అయినా ఫలక్‌నుమా కాకుండా మన దగ్గర ఇంకొకటి, మధ్యతరగతికి అందే ధరలో ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఉమైద్ భవన్

కరువులో జనానికి పని కల్పించడానికి మహారాజా ఉమైద్ సింగ్ 1929లో మొదలుపెట్టిన మహల్ ఇది. 1943లో పూర్తయింది. మొత్తం 347 గదులు. హోటల్‌కి ఇచ్చింది ఒక భాగమే, ఒక భాగంలో రాజకుటుంబం ఇప్పటికీ ఉంటోంది, ఇంకో భాగం మ్యూజియం. ఆ మ్యూజియం ఎవరైనా టికెట్ కొని చూడవచ్చు. కాబట్టి జోధ్‌పూర్ వెళ్లి మామూలు హోటల్లో దిగినా మహల్‌ని కొంతవరకు చూసి రావచ్చు.

ఫలక్‌నుమా నగిషీలతో నిండుగా ఉంటుంది, ఇది ఆ కాలపు ఆర్ట్ డెకో పద్ధతిలో నిటారు గీతలతో, పెద్ద గుమ్మటంతో గంభీరంగా ఉంటుంది. నాకు మొదటిదే ఇష్టం, మా ఆయనకి రెండోది. పెళ్లి సంగతికి వస్తే ఉమైద్ భవన్‌దే పైచేయి. విశాలమైన పచ్చిక, ఎంతమంది కూర్చున్నా ఇరుకనిపించని ఆవరణ, నెమళ్లు, దూరంగా మెహ్రాన్‌గఢ్ కోట. 2018 డిసెంబరులో ప్రియాంకా చోప్రా, నిక్ జోనస్ పెళ్లి ఇక్కడే జరిగింది. ఆ తర్వాత మనవాళ్లలోనూ ఈ పేరు బాగా వినబడుతోంది. అయితే 70 గదులు దాటిన అతిథులకి ఊళ్లో వేరే హోటళ్లు చూసి, బస్సులు పెట్టాలి. ఆ ఖర్చు మొదటి అంచనాలో ఎవరూ రాసుకోరు.

తాజ్ లేక్ ప్యాలెస్

మహారాణా రెండో జగత్ సింగ్ పిఛోలా చెరువు మధ్యలో వేసవి విడిదిగా కట్టించినది, 1746లో పూర్తయింది. పడవలో తప్ప వెళ్లలేం. ఇద్దరే వెళ్లే యాత్రకి నేను దీన్నే మొదట చెబుతాను. తెల్ల పాలరాయి, నాలుగువైపులా నీళ్లు, సాయంత్రం ఒడ్డున సిటీ ప్యాలెస్ వెలుగులు. బయటికెళ్లి తిరగాలనే కోరికే ఉండదు. చిన్న ద్వీపం కాబట్టి పెద్ద వేడుకలకి సరిపోదు. చాలామంది ఇక్కడ ఉండి, వేడుక అదే చెరువులోని జగ్‌మందిర్‌లోనో, ఒడ్డున సిటీ ప్యాలెస్‌లోనో చేసుకుంటారు. వానలు సరిగా పడని ఏళ్లలో పిఛోలా ఎండిపోయిన సందర్భాలున్నాయి. అందుకని వానాకాలం మధ్య నుంచి చలికాలం చివరిదాకా వెళ్లడం మంచిది.

కోటల్లో ఏది?

నీమ్రానా ఒకప్పుడు శిథిలంగా పడి ఉన్న కోట. 1986లో అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ కొని బాగుచేయించి, 1991లో అతిథులకి తెరిచారు. కొండ వాలు మీద పద్నాలుగు అంచెలుగా ఉంటుంది. ఈ జాబితాలో అన్నింటికన్నా తక్కువ ధర ఇదే, అందుకే ఇక్కడ పెట్టాను. ఢిల్లీ నుంచి సుమారు 120 కిలోమీటర్లు, పగటిపూట టికెట్ కొని చూసి రావచ్చు. పిల్లలకి దాగుడుమూతలు ఆడుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? విలాసం కోసం వెళ్లేవాళ్లు మాత్రం నిరాశపడతారు. గదులు ఒకదానికొకటి పోలిక ఉండవు, ఒకటి పెద్దది, ఒకటి ఇరుకు. ఫలానా గది కావాలని పేరు పెట్టి అడగాలి.

అలీలా బిషన్‌గఢ్ గ్రానైట్ కొండ నెత్తిన నిలబడిన యోధుల కోట. 2017లో హోటల్ అయింది. తుపాకులు పేల్చడానికి వదిలిన రంధ్రాలు గోడల్లో ఇంకా ఉన్నాయి, పొద్దున వాటిలోంచే వెలుగు గదిలో పడుతుంది. జైపూర్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, అక్కడి నుంచి కారులో వెళ్లిపోవచ్చు. కోట అనుభవం కావాలి, సౌకర్యం తగ్గకూడదు అనుకునేవాళ్లకి ఇది.

బర్వారా 2021లో తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో కత్రినా కైఫ్, విక్కీ కౌశల్ పెళ్లితో అందరికీ తెలిసింది. 48 సూట్లే కాబట్టి ఎనభై, తొంభై మందితో పెళ్లి చేసుకునే ధైర్యం ఉన్న కుటుంబాలకే చెప్పగలను. రణథంబోర్ పులుల అడవి దగ్గర్లోనే ఉంది. జులై నుంచి సెప్టెంబరు వరకు అడవిలో ముఖ్యమైన భాగాలు మూసి ఉంటాయి, సఫారీ కోసం వెళ్లేవాళ్లు ఆ నెలలు వదిలేయండి.

మన పద్ధతిలో వేడుక చేయాలంటే

పెళ్లి ముహూర్తం రాత్రి రెండింటికి పడిందనుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్న నిబంధన దేశమంతటా ఉంది. సన్నాయి మేళం మైకు లేకుండా వాయించవచ్చా, ఆ వేళ మండపం ఎక్కడ వేస్తారు, అర్ధరాత్రి తర్వాత కాఫీ, టిఫిన్ ఎవరు ఇస్తారు? హోటల్ వాళ్లకి ఉత్తరాది పెళ్లిళ్ల బరాత్, ఫేరాల (అగ్ని చుట్టూ ప్రదక్షిణల) లెక్క బాగా తెలుసు. జీలకర్ర బెల్లం సరిగ్గా ఆ నిమిషానికే పెట్టాలని మనం విడమరిచి చెప్పాలి.

హోమం గురించి కచ్చితంగా రాతపూర్వకంగా అడగండి. పాత మహళ్లలో చెక్క పనితనం, తివాచీలు, పాత చిత్రాలు ఉంటాయి, లోపల అగ్నికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. షష్టిపూర్తిలో దంపతులకి కలశాల నీళ్లతో అభిషేకం చేస్తారు, దానికి కూడా ఆరుబయటి ముంగిలి కావాలి. నేను జరిపించిన షష్టిపూర్తిలో ఇదే ముందు మరిచిపోయాను. చివరి నిమిషంలో తోటలో ఒక మూల పట్టాలు పరిచి, పీటలు వేసి చేశాం. అంతా బాగానే జరిగింది కానీ ఆ గంటసేపు నా టెన్షన్ చెప్పలేను. మంగళస్నానాలకి, పసుపు దంచడానికి కూడా ఇదే మాట. పాలరాయి మీద పసుపు మరక పడితే పోవడం కష్టం, వాళ్లు అడ్డు చెబుతారు.

వంట. హోటల్ షెఫ్ చేసే పప్పుచారుకి, మన వంటవాళ్లు చేసేదానికి తేడా ఉంటుంది. బయటి వంటవాళ్లని చాలా హోటళ్లు రానివ్వవు. మధ్యేమార్గం ఒకటుంది. మన వంటాయన ఒకరు రెండు రోజులు ముందు వెళ్లి వాళ్ల వంటగదిలో దగ్గరుండి చేయించడానికి ఒప్పుకుంటారేమో అడగండి. పెళ్లి భోజనం ఒక్క పూటైనా అరిటాకులో వడ్డించాలంటే ఆకులు ఎక్కడి నుంచి వస్తాయో కూడా మాట్లాడుకోవాలి, రాజస్థాన్‌లో మన ఊళ్లలోలా దొరకవు. ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు మనమే పట్టుకెళ్లడం మేలు.

బిల్లులో కనబడనివి

గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్‌టీ. ఈ హోటళ్లలో దాదాపు ప్రతి గదీ దాటుతుంది, రెస్టారెంట్ బిల్లుకీ 18 శాతమే పడుతుంది. 40,000 గది అంటే పన్నుతో 47,200. వెయ్యిమంది భోజనాల బిల్లు మీద ఆ శాతం ఎంతవుతుందో లెక్కవేసుకోండి. డిసెంబరు 31 రాత్రి గది తీసుకుంటే గాలా డిన్నర్ తప్పనిసరి అని చాలాచోట్ల విడిగా వసూలు చేస్తారు. పిల్లలకి అదనపు మంచం, డ్రైవర్‌కి బస, డెకరేషన్ బయటివాళ్లతో చేయించుకుంటే కట్టాల్సిన రుసుము, ఇవన్నీ ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషికి తెలియకపోవచ్చు.

ఏ నెలలో?

రాజస్థాన్‌కి అక్టోబరు నుంచి మార్చి మంచిదని అందరూ చెబుతారు, నిజమే. ఆ నెలల్లోనే ధరలు ఆకాశంలో ఉంటాయి. ఉత్తరాదిలో ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి దాకా పెళ్లిళ్లు పెట్టుకోరు. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా మొదలుపెడతారు. మనకి మాత్రం శ్రావణంలో ముహూర్తాలుంటాయి. ఆగస్టులో వాళ్ల మహళ్లు ఖాళీగా ఉన్నప్పుడు మనం వెళ్లవచ్చు. ధర విషయంలో బేరమాడే అవకాశం ఉంటుంది, ఉదయ్‌పూర్ చుట్టూ కొండలు పచ్చగా ఉంటాయి, వానలు కురిస్తే చెరువులు నిండుతాయి. వాన భయం ఉంది కాబట్టి మండపానికి పైకప్పు ఉన్న ప్రత్యామ్నాయ చోటు రాయించుకోవాలి. వైశాఖం ముహూర్తాన్ని మాత్రం అక్కడ పెట్టుకోవద్దు. మే నెలలో జోధ్‌పూర్ ఎండలో పట్టుచీరతో, పట్టుపంచెతో హోమం ముందు కూర్చోవడం పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ శిక్ష.

కాబట్టి ముందు పురోహితుడిని కూర్చోబెట్టి శ్రావణంలో రెండు, మాఘంలోనో ఫాల్గుణంలోనో రెండు ముహూర్తాలు పెట్టించుకోండి, వీలైతే పగటివి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లు ఎన్ని మెట్లు ఎక్కగలరో వాళ్లనే అడిగి తెలుసుకోండి. ఆ నాలుగు తేదీలు, ఆ మెట్ల లెక్క చేతిలో పెట్టుకుని అప్పుడు హోటల్‌కి ఫోన్ చేయండి.